చెప్పని అంకె

తెలిసినవాళ్లెవరైనా "ఎంతయింది?" అని అడిగితే మేస్త్రి చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టేవాడు. పాత బనీను గుడ్డతో ముందు బొటనవేలు, తర్వాత చూపుడువేలు, అలా ఒక్కో వేలూ. గోళ్ల అంచుల్లోని గ్రీజు నలుపు ఎలాగూ పోదు. ఆ సంగతి అతనికీ తెలుసు. పదో వేలు దగ్గరికి వచ్చేసరికి అడిగినవాడే ఏదో ఒకటి తీసి అతని చొక్కా జేబులో పెట్టేవాడు. మేస్త్రి జేబు వంక చూసేవాడు కాదు. "నీ ఇష్టం" అనేవాడు.

కొత్తవాళ్ల దగ్గర ఈ తుడుచుకోవడం ఉండేది కాదు. బానెట్ ఎత్తి, కాసేపు చెవి ఒగ్గి విని, అంకె చెప్పేసేవాడు. నికార్సైన అంకె. ఎవరైనా బేరమాడితే "ఇంకో షెడ్డు చూసుకోండి" అని మళ్లీ కారు కింది గుంతలోకి దిగిపోయేవాడు. స్నేహితుల దగ్గరే నోరు పెగిలేది కాదు. స్నేహితుడికి కూలి చెప్పడమంటే స్నేహానికి రేటు కట్టడమే అనుకునేవాడు. ముప్పై ఏళ్లు అలాగే అనుకున్నాడు.

అందరికీ అతను మేస్త్రి. ఒక్కడికి మాత్రం పానా. చిన్నప్పుడు బడి సంచిలో పుస్తకాల మధ్య పద్నాలుగో నంబరు పానా పెట్టుకుని తిరిగినందుకు వచ్చిన పేరు అది. ఆ పేరు పెట్టినవాణ్ణి ఊరంతా హారన్ అనేది. హారన్ టాక్సీ నడిపేవాడు. వీధి మలుపులో రెండుసార్లు పొట్టిగా మోగించి గానీ షెడ్డులోకి వచ్చేవాడు కాదు. కారు కింద వెల్లకిలా పడుకున్న మేస్త్రికి ఆ రెండు మోతలు వినిపిస్తే రెండు టీలు చెప్పాలని అర్థం.

"ఒరేయ్ పానా, మా ఆవిడ మూలిగినా నాకు వినపడదు గానీ ఈ బండి మూలిగితే నిద్ర పట్టదురా."

"మీ ఆవిడ మూలిగేదీ నీ వల్లే, బండి మూలిగేదీ నీ వల్లే. వెలుతురికి అడ్డం తప్పుకో."

పనయ్యాక హారన్ అడిగేవాడు. మేస్త్రి వేళ్లు తుడుచుకునేవాడు. జేబులోకి ఏదో వెళ్లేది. సాయంత్రం మేస్త్రి భార్య చొక్కా ఉతకడానికి తీస్తూ "ఇవాళ హారన్ అన్నయ్య వచ్చాడా?" అనేది.

"నీకెలా తెలుసు?"

"నోట్లు నాలుగు మడతలున్నాయి. ఇలా ఇంకెవరు మడుస్తారు?"

ఒక్కోసారి ఆ మడతల్లో కూలికి మించి ఉండేది. ఒక్కోసారి సగం కూడా ఉండేది కాదు. ఎక్కువా తక్కువా ఎక్కడో ఒకచోట సరిపోతాయని మేస్త్రి అనుకునేవాడు. సరిపోయిందని హారన్ కూడా అనుకుంటున్నాడా అన్నది అతనికి తట్టలేదు.

ఒక ఏడాది టాక్సీ ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది. మూడు రోజుల పని. సామాన్లు హారనే తెచ్చాడు. మూడో రోజు సాయంత్రం ఇంజిన్ తిరిగింది, పొగ లేదు, చప్పుడు లేదు. హారన్ అడిగాడు. మేస్త్రి గుడ్డ తీశాడు. జేబులోకి నాలుగు మడతల నోట్లు వెళ్లాయి. షెడ్డు అద్దె రెండు నెలలది మీద పడి ఉన్న రోజులవి. ఆ ఒక్కసారి మేస్త్రి కళ్లు జేబు మీదికి వెళ్లాయి. వెంటనే తిప్పుకున్నాడు. హారన్ చూడనే చూశాడు.

"తక్కువైందారా?"

"నేనేమన్నా అన్నానా?"

"అనలేదు. అనవు. అదేరా నీతో చచ్చే చావు. ఎంతో చెప్పు."

"నీ ఇష్టమన్నానుగా."

హారన్ ఇంకో నోటు తీశాడు. మేస్త్రి ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇద్దరూ నవ్వబోయారు. నవ్వు రాలేదు.

ఆ తర్వాత మలుపులో మోతలు తగ్గాయి. నెల గడిచింది. ఇంకో నెల గడిచింది. సామాన్ల కొట్టుకి వెళ్తుంటే పెద్ద రోడ్డు మీద కొత్తగా పెట్టిన షెడ్డు ముందు హారన్ టాక్సీ కనిపించింది. బానెట్ ఎత్తి ఉంది. లోపల కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన అచ్చు కొట్టించిన బిల్లు పుస్తకంలో ఏదో రాస్తున్నాడు. మేస్త్రి రోడ్డుకి అటువైపు నుంచి నడిచి ఇంటికి వచ్చేశాడు. కొనాల్సిన బేరింగు కొనలేదు.

"పోనీ అడగొచ్చుగా" అంది భార్య.

"పోనీ వాడు చెప్పొచ్చుగా."

రెండేళ్లు ఇలాగే నడిచింది. ఎదురుపడితే మాట్లాడుకునేవారు. "ఎలా ఉన్నావురా" అంటే "ఉన్నాను" అనే మాటలు. ఒకసారి టీ కొట్టు దగ్గర కలిశారు. హారనే ఇద్దరి టీకీ బల్ల మీద చిల్లర పెట్టాడు, టకీమని, లెక్క ప్రకారం. టీకైతే ఇంత తేలిగ్గా ఇస్తాడు అనుకున్నాడు మేస్త్రి. ఆ మాట చాలాకాలం అతని లోపల తుప్పులా ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం సామాన్ల కొట్టాయన చెప్పాడు. "మీ హారన్‌ని ఆసుపత్రిలో చేర్చారట కదా. గుండె అంటున్నారు."

మొదట మేస్త్రికి 'నాకు కబురు చెయ్యలేదే' అనిపించింది. ఆ రోజు వెళ్లలేదు. మర్నాడు ఒకరి కారు అప్పజెప్పాల్సి ఉంది. మూడో రోజు సాయంత్రం ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. వార్డులో హారన్ మంచం మీద దుప్పటి మారి ఉంది. మంచం కింద ఇంకెవరివో చెప్పులున్నాయి. తెల్లవారుజామునే పోయాడని నర్సు చెప్పింది. మేస్త్రి ఆ చెప్పుల వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఎవరో వచ్చి పక్కకి జరగమన్నారు.

మూడు వారాల తర్వాత టాక్సీ షెడ్డుకి వచ్చింది. మలుపులో మోగలేదు. అందుకని మేస్త్రి గుంతలోంచి తలెత్తి చూడలేదు కూడా. ఆడమనిషి గొంతు విని పైకి వచ్చాడు. హారన్ భార్య. బండి తోలుకొచ్చిన ఆమె తమ్ముడు వీధిలోనే నిలబడ్డాడు.

"బండి అమ్మేస్తున్నాను అన్నయ్యా. ఎల్లుండి చూడ్డానికి వస్తారు. క్లచ్ జారుతోందంటున్నాడు మా తమ్ముడు. బాగు చెయ్యడానికి ఎంతవుతుంది?"

గుడ్డ చేతికి తగిలింది. బొటనవేలు. చూపుడువేలు.

"నీ దగ్గర ఏమిటమ్మా..."

"అలా అంటే బండిని ఇట్నుంచి ఇటే ఆ కళ్లజోడాయన దగ్గరికి తీసుకెళ్తాను." గొంతులో కోపం లేదు. ముందే అనుకుని వచ్చిన మాటలా ఉంది. "ఆయన ఇక్కడికి రావడం ఎందుకు మానేశారో మీకు తెలుసా?"

గుడ్డ మూడో వేలు దగ్గర ఆగిపోయింది.

"మీ దగ్గర బండి చేయించుకొచ్చిన రోజు ఆయనకి అన్నం సహించేది కాదు. ఎంతిచ్చానో తెలుసు, ఎంతివ్వాలో తెలీదు అనేవారు. ఎక్కువిస్తే వాడు నొచ్చుకుంటాడు, తక్కువిస్తే నేను దొంగనవుతాను అనేవారు. అక్కడైతే అంకె చెప్తారు, తిడతాను, తగ్గిస్తారు, ఇచ్చేసి వస్తాను. తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేశాడే పానా, అనేవారు."

"నాతో అనలేదేమ్మా."

"మీరు మాత్రం అన్నారా?"

వీధిలో తమ్ముడు దగ్గాడు. మేస్త్రి గుడ్డని మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

"బండి ఉంచు చెల్లెమ్మా. విప్పి చూస్తే గానీ తెలీదు. రేపు పొద్దున చెప్తాను."

"రేపు పొద్దున వస్తాను. అంకె చెప్పకపోతే ఇంక ఎప్పుడూ రాను."

ఆ రోజంతా ఇంకో పని ముట్టుకోలేదు. గేర్‌బాక్సు దించాడు. క్లచ్ ప్లేటు అరిగి గాజులా మెరుస్తోంది. ఇంజిన్ కింద రబ్బరు మౌంటు చిట్లి ఉంది. సైలెన్సరు గొట్టాన్ని పట్టుకుని ఒక ఇనుప పట్టీ కనిపించింది. పదకొండేళ్ల కిందట తుక్కులోంచి ఏరి, తన చేత్తో వంచి బిగించిన పట్టీ అది. కళ్లజోడాయన దాన్ని కదపలేదు. మంచి పనివాడే అనుకున్నాడు మేస్త్రి.

టార్చీ కోసం డాష్‌బోర్డు సొరుగు తెరిచాడు. రబ్బరు బ్యాండు వేసిన కాగితాల కట్ట చేతికొచ్చింది. రెండేళ్ల బిల్లులు. అన్నీ నాలుగు మడతలు.

పాత టైరు మీద కూర్చుని ఒక్కోటి విప్పాడు. బ్రేకు పని అని ఉంటే, అంకె చూడకముందే తనైతే ఎంతనేవాడో పెదవుల్లో అనుకునేవాడు. తర్వాత చూసేవాడు. ఇంచుమించు అదే. రేడియేటరు, అదే. స్టీరింగు, యాభై అటూ ఇటూ. ఇన్నాళ్లూ అతను నోటి దాకా రానివ్వని అంకెలన్నీ వేరొకడి చేతిరాతలో ఉన్నాయి. ఒక బిల్లులో అంకె కొట్టేసి కింద తక్కువ వేశారు. ఇంకో దాంట్లో రెండుసార్లు కొట్టేశారు. హారన్ బానెట్ మీద చెయ్యి వేసి "ఇదేం షెడ్డా, దోపిడీ కొట్టా?" అని అరుస్తూ ఉండి ఉంటాడు. కళ్లజోడాయన కూడా అరిచి ఉంటాడు. తర్వాత ఇద్దరూ టీ తాగి ఉంటారు.

ఆ అరుపులు తనకి రావలసినవి. మేస్త్రి కాగితాలను ఎలా ఉన్నవి అలా మడిచి కట్ట కట్టాడు. మడతలు సరిగ్గా పడటానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం ఇంట్లో భార్య అడిగింది. "రేపేం చెప్తారు?"

"కూలి వద్దందామనుకుంటున్నాను."

"చంపారు పొండి. ఆవిడ మళ్లీ మన గడప తొక్కుతుందా?"

"మరేం చెప్పమంటావు?"

"కొత్తవాళ్లకైతే ఎంతంటారు?"

చెప్పాడు, చటుక్కున.

"చూశారా, వచ్చింది. ఇప్పుడు నన్ను ఆవిడనుకుని చెప్పండి."

అతను ఆమె వంక చూశాడు. నోరు తెరిచాడు. చెయ్యి దానంతటదే చొక్కా అంచు పట్టుకుని బొటనవేలు తుడవబోయింది. భార్య ఫక్కున నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

మర్నాడు పొద్దున ఆమె వచ్చేసరికి, ముందురోజే తెచ్చిన సామాన్లు వేసి గేర్‌బాక్సు ఎక్కించడం అయిపోయింది. మేస్త్రి ఆఖరి బోల్టు బిగించి గుంతలోంచి పైకొచ్చాడు. గుడ్డ గుంత అంచున ఉంది. ఆమె ఇంకా అడగలేదు.

"ప్లేటూ, బేరింగూ, మౌంటూ కొట్టు చీటీ ఇదిగో" అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "నా కూలి రెండు వేల రెండొందలు."

ఆమె అతని మొహం వంక ఒక్క క్షణం చూసింది.

"అంతా? కళ్లజోడాయన రెండు వేలకే చేసేవాడు అన్నయ్యా."

"ఆయనైనా మౌంటుకి విడిగా తీసుకునేవాడు."

"రెండు వేలు చేసుకోండి."

"రెండు వేల నూరు."

"మీ స్నేహితుడి బండి."

"అందుకే నూరు తగ్గించాను."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సంచిలోంచి చీటీ డబ్బూ కూలి డబ్బూ వేరువేరుగా తీసి అందించింది. ఆ నోట్లకి మడతలు లేవు.

మేస్త్రి జేబు చూపించలేదు. చేతులు చాచాడు. నల్లటి వేళ్లతోనే, ఆమె ఎదుటే, పైకి వినిపించేలా ఒక్కో నోటూ లెక్కపెట్టాడు. ప్రతి నోటు మూలా ఒక బొటనవేలి ముద్ర పడింది.

"సరిపోయిందమ్మా" అన్నాడు.