అమ్మకు ఊళ్ళు చూపించబోతే

మా అమ్మతో విహారయాత్రకు వెళ్ళాలని ఎవరికైనా ఉంటే నిరభ్యంతరంగా తీసుకెళ్ళవచ్చు. నేను మాత్రం మళ్ళీ రాను. రెండు రోజుల యాత్ర అనుకున్నది ఒక రోజుకే ముగిసింది, ఆ ఒక్క రోజులో నా పదేళ్ళ ఓపిక ఖర్చయింది.

కర్నూలు కంటి దవాఖానలో డాక్టరు అమ్మకు నీటికాసులు, అంటే గ్లకోమా, అని తేల్చాడు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబడాలంటే చుక్కలు వేస్తూ ఉండాలి, అయినా ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేం అన్నాడు. అప్పటికే పక్కలకు చూపు లేదు. ఎదురుగా ఉన్నదే, అదీ దగ్గరికి పోతేనే ఆమెకు కనబడుతుంది. గద్వాలలో పెళ్ళయిన దగ్గర్నుంచి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. చుట్టాల పెళ్ళిళ్ళకు తప్ప ఊరు దాటలేదు. పక్క జిల్లాలో ఉన్న జలపాతం కూడా చూడలేదు. నాకు మనసు ఆగలేదు. నేను నాగర్‌కర్నూలులో బడిపంతులమ్మను, పిల్లలకు దర్శనీయ స్థలాలు బల్లగుద్ది వల్లెవేయించే దాన్ని. మా అమ్మకే చూపించకపోతే ఎట్లా అని మా ఆయనతో రెండు రోజులు సెలవు పెట్టించాను. మొదటి రోజు వనపర్తి మహలు, సోమశిల. రెండో రోజు మన్ననూరు మీదుగా ఫరహాబాద్, అడవి, కుదిరితే పులి.

అమ్మ వెంటనే సరేనంది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. రేషన్ దుకాణానికి రమ్మన్నా నాలుగు సాకులు చెప్పే మనిషి. అడిగింది ఒక్కటే, అక్కడికి ఆడవాళ్ళు బాగా వస్తారా అని. వస్తారన్నాను. పాత పట్టుచీరలు కట్టుకుని వస్తారా అని మళ్ళీ అడిగింది. ఏమో, గుడి ఉన్నచోట కట్టుకుంటారు అన్నాను. సంచి సర్దుకుంది.

మా దిక్కు కోటలూ మహళ్ళూ చాలావరకు కాలేజీలే. వనపర్తి మహలూ అంతే. మేము పోయిన రోజు పరీక్షలు జరుగుతున్నాయి, బయటి నుంచి చూసుకోమన్నారు. సరే, బయటి నుంచే చూద్దామని నేను కమానులు చూపిస్తూ పాఠం మొదలుపెట్టాను. రెండు నిమిషాలు చెప్పాక పక్కన చూస్తే అమ్మ లేదు. గేటు దగ్గర హైదరాబాదు నుంచి వచ్చిన ఒకావిడ ఫోటో దిగుతోంది. అమ్మ ఆమె ముందు నడుం వంచి, చీర కుచ్చెళ్ళ దగ్గరికి ముఖం పెట్టేసింది. పెద్దావిడ తన కాళ్ళు మొక్కుతోందనుకుని ఆమె హడలిపోయి వెనక్కి జరిగింది. అమ్మ చీర అంచు వదలకుండా ముందుకు జరిగింది. ఆమె ఇంకా వెనక్కి, ఈమె ఇంకా ముందుకు. వాచ్‌మన్‌తో సహా అందరూ చూస్తున్నారు. చివరికి అమ్మ నిటారుగా లేచి, ఆమె ముఖం మీదే తీర్పు చెప్పింది.

"గిది మిషన్‌ది బిడ్డా. అతుకే లేదు. నిన్ను మోసం చేసిండ్రు."

నేను చేతులు జోడించి క్షమించమని అడిగి, అమ్మను రెక్క పట్టుకుని కారులో కూర్చోబెట్టాను. సోమశిల దారిలో సగం దాటేదాకా నేను అరుస్తూనే ఉన్నాను. ఏమన్నా బుద్ధుందా, ఊరి మీద పరువు తీస్తావా, చూడమని తెచ్చింది చెట్టూ గుట్టా అయితే నువ్వు చూసేది మంది కాళ్ళా అని. మా ఆయన అద్దంలోంచి నావైపు చూసి కారు వేగం పెంచాడు, అది ఆయనకు అలవాటే. అమ్మ అంతా విని, అప్పుడు చెప్పింది.

గద్వాల చీర నడుమ నూలు, రెండు వైపులా పట్టు అంచు. అడ్డపోగు నింపే నాడెను విసిరిన ప్రతిసారీ అంచు పోగునూ నూలు పోగునూ ఒకదానితో ఒకటి మెలేసి కలపాలి, అదే అతుకు. ఒక మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటేనే అది సాగుతుంది. కుడి అంచు అతుకు మా నాయనది, ఎడమ అంచు అతుకు అమ్మది. ఒక్క పోగు జారినా కొత్తలో తెలియదు. పదేళ్ళో ఇరవయ్యేళ్ళో కట్టి ఉతికితే అప్పుడు అంచు విడిపోతుంది. మా నాయన మూడేళ్ళ కింద పోయేదాకా అమ్మను ఒకే మాట అనేవాడు, ఊడితే ముందు నీ దిక్కుదే ఊడుతది అని. మగ్గం మీంచి కోసిన చీర ఆ రోజే సేటు కొట్టుకు పోయేది. పోయినది తిరిగి రాలేదు. కట్టుకున్నవాళ్ళు వచ్చి ఎట్లుందో చెప్పలేదు.

"మీ నాయిన అన్నది నిజమా కాదా, నాకు తెల్వొద్దా? కండ్లు పోకముందుకు మన మగ్గంది ఒక్క పాత చీర సూస్త అంతే."

అది ముందే చెప్పి ఏడవొచ్చు కదా అన్నాను. చెప్తే నువ్వు తోల్కపోతుంటివా అంది. తీసుకెళ్ళేదాన్ని కాదు, నిజమే. అందుకే ఇంకా మండింది.

సోమశిలలో కృష్ణ నిండుగా ఉంది. ఎదురుగా నల్లమల కొండలు. నేను టికెట్లు తీసుకుని లాంచీ వైపు తొందరపెడుతుంటే అమ్మ మళ్ళీ మాయం. ఈసారి స్నానాల రేవు మెట్ల మీద, అప్పుడే నీళ్ళలో మునిగి వచ్చిన ఒకామె పక్కన చతికిలబడి ఉంది. పెద్దమందడి దిక్కు నుంచి వచ్చిందట. ఒంటి మీది తడి గద్వాల చీర వాళ్ళ అత్తది, పెళ్ళిళ్ళకు కట్టీ కట్టీ, రంగు పోయాక స్నానాలకు పెట్టుకున్నారట. ఆమె అంచు అమ్మ చేతికిచ్చి, కొంగు తలమీద ఆరబెట్టుకుంటూ కూర్చుంది, ఎవరో అంచు పట్టుకుని చూడటం రోజూ జరిగే పనే అన్నట్టు. నాకు ఆమెను చూసి సిగ్గేసింది.

అంచు పొడుగునా వరసగా గుడి గోపురాల్లాంటి కుంభాలు. ఒక పక్కవి కొంచెం ఒరిగి ఉన్నాయి. ఆ ఒరగడం తన చేతిదేనని అమ్మ గట్టిగా అంది. నిజంగా మా ఇంటి మగ్గం మీదిదేనా అంటే నేను ప్రమాణం చేయలేను. అమ్మకు అనుమానం లేదు. కానీ నీళ్ళ మీది ఎండ కళ్ళలోకి కొడుతోంది, తడి అంచు తళుక్కుమంటోంది. ఎంత దగ్గరికి పెట్టుకున్నా అతుకు అమ్మ చూపుకు అందడం లేదు. రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది.

"మెరుస్తుంది గని కానొస్తలేదు. నువ్వు సూడు బిడ్డా. నా దిక్కుది ఎట్లుంది?"

చూశాను. నాయన వైపు అతుకు కొత్తదానిలా ఉంది. అమ్మ వైపు జానెడు మేర విడిపోయి, తెల్లదారంతో పొడుగు పొడుగు కుట్లు వేసి ఉంది. అవతల లాంచీ వాడు కేకలేస్తున్నాడు. మా ఆయన చెయ్యి ఊపుతున్నాడు. ఆ కుట్లు చూడగానే నాకు పొద్దుటి నుంచి ఉన్న కోపమంతా ఎక్కడికో పోయింది.

"ఏం గాలేదమ్మా. మంచిగనే ఉంది."

ఆ చీరామె నా ముఖంలోకి ఒకసారి చూసింది. బహుశా ఆ కుట్లు ఆమెవే. గట్టిగనే ఉందవ్వా, ఎన్నేండ్ల సంది కడుతున్నమో అని ఆమె కూడా అంది. అమ్మ తల ఊపింది. చీర అంచు మీద బొటనవేలు పెట్టి అలా జరుపుకుంటూ పోయింది. నేను ఇంక చాలు పద పద అని లేపాను. ఆ విడిపోయిన చోటు దాకా వేలు పోయిందో లేదో నేను చూడలేదు, లేదా చూడదలచుకోలేదు.

లాంచీలో అందరూ ఫోన్లు ఎత్తి కొండలు తీసుకుంటున్నారు. పొద్దుటి నుంచి అది చూడు ఇది చూడు అని ప్రాణం తీసిన నేను ఒక్కటీ చూపించలేదు. నది నడుమకు వచ్చాక అమ్మే మాట్లాడింది.

"గా కుట్లేసినామె జర దగ్గర దగ్గర ఏస్తే బాగుండు. గట్ల దూరమేస్తే మల్ల ఊడుతది."

నేను నీళ్ళ వైపు తిరిగాను. ఎందుకు అబద్ధమాడావని ఆమె అడిగి ఉంటే ఏదో ఒకటి అరిచి గొడవ పడేదాన్ని, నాకు అది చేతనవును.  రేపు అడవికి వద్దు, ఇంటికి పోదాం అంది అమ్మ. పులి కోసం తీసుకున్న టికెట్లను నేను సంచి అడుక్కి తోశాను.

"మీ నాయిన ఉంటే ఎంత నవ్వుతుండెనో," అని అమ్మ తనే నవ్వబోయింది, నవ్వు రాలేదు.