భుజం జేబులో ఉత్తరం

గల్ఫ్‌లో, మఫ్రఖ్ అనే చోట, మా లాండ్రీకి అమెరికా సైనికుల బట్టలు వచ్చేవి. సైనికులు మాత్రం ఎన్నడూ రాలేదు. మూడేళ్ళు వాళ్ళ చెమట ఉతికాం గాని ఒక్కరి ముఖం కూడా చూడలేదు. పొద్దున్నే లారీలో వల సంచులు దిగేవి. ఒక్కో సంచికి ఒక నంబరు బిళ్ళ ఉండేది. సాయంత్రం నాలుగింటికి అవే సంచులు సీలు పడి అదే లారీలో తిరిగి వెళ్ళేవి.

ఉతకడానికి ముందు జేబులు చూడటం నా పని. దొరికిన వస్తువును చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి, కవరు మీద సంచి నంబరు రాసి, బట్టలతో పాటే తిప్పి పంపాలి. చెత్తయితే పారేయాలి. ఏది చెత్తో ఏది అవసరమో తేల్చాలంటే ఇంగ్లీషు రావాలి కాబట్టి ఆ పని నాకు దక్కింది. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. నా ఇంగ్లీషంతా మా మండలంలోని శాఖా గ్రంథాలయంలో, నిఘంటువు ఒడిలో పెట్టుకుని నేర్చుకున్నదే. అక్కడ ఒక అలమార నిండా యుద్ధాల పుస్తకాలుండేవి. ఆ ఊళ్ళో వాటిని తీసేవాణ్ణి నేనొక్కణ్ణే. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలెక్కి వెళ్ళిన అమెరికా సైనికులు తమ బట్టల మీద ఇంటిపేరు మొదటి అక్షరం, దాని పక్కన తమ సర్వీసు నంబరులోని చివరి నాలుగంకెలు వేసుకునేవారని అక్కడే చదివాను. వాళ్ళు ఇంటికి రాసే ఉత్తరాలను ముందు అధికారులు చదివి, ఊళ్ళ పేర్లుంటే బ్లేడుతో కోసేసేవారని కూడా. ఇలాంటివి చెప్పినప్పుడల్లా ఇస్త్రీ బల్ల దగ్గరి అన్న నవ్వేవాడు. ఆయనది సిరిసిల్ల. ఒకప్పుడు మగ్గం నడిపినవాడు.

"పంతులూ, గా ముచ్చట్లు సదివి నువ్వు సిపాయివైతివా? జేబులు దులిపెటోనివే గదా."

ఆ ఎండాకాలం సముద్రం అవతల యుద్ధం మొదలవుతుందని అందరి నోటా ఒకే మాట. మాకు వార్తలకంటే ముందే సంచులు చెప్పేవి. సంచులు ఒక్కసారిగా పెరిగితే వాళ్ళు ఎక్కడికో బయలుదేరుతున్నారని, ఒక్కసారిగా తగ్గితే వెళ్ళిపోయారని అర్థం. మేం ఉండే లేబర్ క్యాంపులో మా గది వాళ్ళు రోజూ నన్నే అడిగేవారు, ఇక్కడ బాంబులు పడతాయా అని. చదివినవాణ్ణి కదా, తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. "పడవు" అని గట్టిగా చెప్పేవాణ్ణి. ఆ చెప్పినవాడికే విమానం చప్పుడు వినిపిస్తే తినే ముద్ద చేతిలోనే ఆగిపోయేది.

ఒక రోజు సంచులు రెండింతలు వచ్చాయి. అన్నిటికీ ఎర్ర చీటీలు, అంటే అర్జెంటు. మా సూపర్‌వైజరుది కాకినాడ వైపు. మేమంతా ఆయన్ని అరబ్బీలో ముదీర్, అంటే మేనేజరు, అనే పిలిచేవాళ్ళం. సంచుల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, "యల్లా, యల్లా, నాలుగ్గంటలు దాటితే లారీ ఆగదు. రేపు వీళ్ళు ఉండరంట" అంటున్నాడు.

రేపు ఉండరు. ఆ మాట వినగానే నాకు ఓడల మీద చేతులూపే సైనికుల పాత ఫోటోలు గుర్తొచ్చాయి. సరిగ్గా అప్పుడే ఒక ప్యాంటు జేబులో ఏదో పుస్తకం నుంచి చింపిన కాగితం దొరికింది. ఒకడు చెరువులో చేపలు పడుతున్న కథ. తెలియని మాట ఒకటి కనబడింది. అర్థం ఊహించుకుంటూ నిలబడ్డాను. చేతులు మాత్రం పక్క సంచిలోని చొక్కాలను తడిమి అవతల పడేస్తూనే ఉన్నాయి. ఆ చొక్కాలకు ఛాతీ మీదే కాదు, భుజం మీద కూడా జిప్పున్న జేబు ఉంటుంది. నేను ఛాతీ జేబులే చూశాను.

రెండు గంటల తరువాత ఇస్త్రీ బల్ల దగ్గర అన్న చేయి ఆగింది. 217 నంబరు సంచిలోని చొక్కా భుజం జేబులోంచి తెల్లటి ముద్దను తీశాడు.

"ఇంత సదివినవు. గీ జేబు సదువకపోతివి."

ముద్దను మెల్లగా విప్పాం. ఎనిమిది మడతల కాగితం. కింద గుడ్డ పరిచి, పైన గుడ్డ కప్పి, అన్న తక్కువ వేడి మీద ఒత్తాడు. నీలం అక్షరాలు బయటపడ్డాయి. చదవకూడదని తెలుసు. చదివాను.

అది తండ్రికి రాసిన ఉత్తరం. ఇది నీకు చేరిందంటే నేను లేనట్టే, అని మొదలైంది. ఆ తరువాత ఏడుపేమీ లేదు. బండి తాళం వంటింట్లో ఏ డబ్బాలో ఉందో రాశాడు. వెనక గది పైకప్పు కారుతోంది, వానలకు ముందే బాగు చేయించమన్నాడు. కుక్కను చెల్లెలికి ఇవ్వొద్దు, ఆమె అపార్ట్‌మెంటులో అది బతకదు, నీ దగ్గరే ఉంచుకో అన్నాడు. "ఇంకొక్క సంగతి, నేను ఎన్నడూ చెప్పలేదు" అని రాశాడు. దాని కింద నాలుగు వరుసలు. ఆ నాలుగూ కరిగి నీలం మరకలయ్యాయి.

ఇది రాసినవాడు రేపు వెళ్ళిపోతాడు. ఉత్తరం జేబులోనే భద్రంగా ఉందనుకుని వెళ్ళొచ్చు. లేదని తెలిస్తే ఇవాళ రాత్రికి ఇంకొకటి రాసుకోగలడు. తెలియాలంటే నాలుగింటికి లారీ కదిలే లోపు మేం చెప్పాలి.

ముదీర్ వచ్చి చూశాడు.

"పారెయ్. ఏం దొరకలేదని రాసెయ్. ఖలాస్."

"సార్, ఆయనకు తెల్వాలె గదా," అన్నాను.

"తెలిస్తే ఏమవుద్దో తెలుసా నీకు? వాళ్ళ ఉత్తరం మనం చదివామని తెలిస్తే కాంట్రాక్టే పోద్ది. ఇక్కడ నలభై మంది ఉన్నారు. నీ ఒక్కడి చదువు కోసం నలభై మందినీ ఇంటికి విమానం ఎక్కిస్తావా?"

అన్న ఇస్త్రీ పెట్టె పక్కకు పెట్టి, నావైపు కాదు, చొక్కా వైపు చూస్తూ అన్నాడు. "మా నాయిన పోయిననాడు నేను గీన్నే ఉన్న. ఫోన్ల ఆఖరికి ఏమన్నడో ఇనబడలే. పదేండ్లాయె. ఇప్పటికీ గదే ఆలోచన."

ముదీర్ గోడ గడియారం వైపు చూశాడు. మూడుంబావు. చెమట తుడుచుకుని, "నేను టీకి పోతన్నాను. వచ్చేసరికి సంచులన్నీ సీలై ఉండాలి. లోపలేం పెట్టేవో నేను చూళ్ళేదు" అని వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ నాలుగు వరుసలనూ నేనే రాద్దామా అనుకున్నాను. ఒక కొడుకు తండ్రికి చెప్పనిది ఏముంటుంది? అలాంటి వాక్యాలు పుస్తకాల్లో ఎన్నో చదివాను, చాలా ఇంగ్లీషులో కంఠతా వచ్చు. పెన్ను తీశాను కూడా. అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీకేం ఎరుక, ఆయన ఏం జెప్పాలనుకున్నడో?"

నేను మాటలు రాసుకునే నోటుపుస్తకంలోంచి రెండు ఖాళీ కాగితాలు చింపాను. ఒక దాని మీద ఇంగ్లీషులో, పొరపాటున మీ ఉత్తరం ఉతికాం, క్షమించండి, చివరి వరుసలు పోయాయి, దయచేసి మళ్ళీ రాయండి, అని రాశాను. రెండోది ఖాళీగా ఉంచాను. ఉత్తరం, ఆ రెండు కాగితాలు, నా పెన్ను కవరులో పెట్టాను. జేబులో పెన్ను ఉంటే ఒక విడత బట్టలన్నీ పాడవుతాయి. అందుకే పెన్ను కనబడితే మేం పామును చూసినట్టు చూసేవాళ్ళం. మూడేళ్ళలో నేను పెన్ను లోపల పెట్టి పంపిన సంచి అదొక్కటే.

మర్నాటి నుంచి సంచులు రాలేదు. ఫోన్లలో మంటలు, పొగ కనిపించేవి. గదివాళ్ళు అడిగితే నేను "పడవు" అనడం మానేశాను. ఫిర్యాదు కూడా రాలేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది. వస్తే ఉద్యోగం పోతుంది. రాలేదంటే ఆ కవరును ఆయన చూడనే లేదేమో. ముదీర్ ఫోను మోగినప్పుడల్లా పని ఆపి అటు చెవి పెట్టేవాణ్ణి.

పదకొండో రోజున లారీ వచ్చింది. సంచులు కొన్నే. నేను నంబర్లు చూసుకుంటూ పోయాను. 217 ఉంది. ఊపిరి వదిలి, ముడి విప్పి, చొక్కా తీశాను.

అది చిన్న సైజు. ఉత్తరం దొరికిన చొక్కా చాలా పెద్దది, నా భుజాలకు రెండింతలు.

"వేరేటోనికి ఇచ్చిండ్రు నంబరు," అన్నాడు అన్న. "ఆయన ఇంటికి పోయి ఉంటడు. బదిలీ అయి ఉంటడు. గట్లనే అనుకో."

అలాగే అనుకోవాలని చూశాను. ఆ పాత యుద్ధంలో బట్ట మీది గుర్తు మనిషిది. చొక్కా ఎక్కడ దొరికినా ఎవరిదో తెలిసేది. మా నంబరు సంచిది. మనిషి మారినా సంచి మారదు. ఆయన ఏమయ్యాడో, ఇన్ని పుస్తకాలు చదివిన నాకు ఇంతకుమించి తెలిసే దారి లేదు.

భుజం జేబు జిప్పు ముందుగా తీశాను. నలిగిన టిష్యూ కాగితం ఒకటి ఉంది. ఇదివరకైతే చెత్త అని పారేసేవాణ్ణి. కవరు తీసి, దాని మీద 217 అని రాసి, ఆ టిష్యూను లోపల పెట్టాను.