సర్కారు పాలు

పోలీసు చర్య జరిగి కొన్ని నెలలైంది. నిజాం సర్కారు పోయిందని తెలుసు గానీ, వచ్చిన సర్కారు ఎవరో మా ఇబ్రహీంపట్నంలో ఇంకా ఎవరికీ సరిగా అంతుపట్టలేదు. నేనప్పుడు కొత్తకోడలిని. పుట్టింటివాళ్లు యాచారం నుంచి నాతో ఒక పాడిబర్రెను పంపారు. దానికి మా అత్తగారి ఊరు నచ్చలేదు. వీలు దొరికితే తాడు తెంపుకుని యాచారం దారి పట్టేది.

ఒకరోజు అట్లా పోతుంటే బందెలదొడ్డివాళ్లు పట్టుకున్నారు. తప్పించుకు తిరిగే పశువులను కట్టేసే ఆ దొడ్డి సర్కారుదే. ఇద్దరు అన్నదమ్ములు దాన్ని గుత్తకు తీసుకుని, ముందర ‘కంపెనీ’ అని బోర్డు పెట్టుకున్నారు.

అత్తా నేనూ వెళ్లేసరికి వాళ్లలో పెద్దవాడు ఖాకీ కోటు మీద ఇత్తడి బిళ్ళ తుడుచుకుంటున్నాడు.

“బర్రెను ఇడువు కొడకా,” అంది అత్త.

“ఇడువ. సర్కారు పట్టింది.”

“సర్కారేడున్నది?”

“నేనే సర్కారు,” అని బిళ్ళ చూపించాడు.

రజాకార్లను చూసినవాళ్లం. ఖాకీతో వాదం పెట్టుకునే అలవాటు మాకు లేదు. వెనక్కి తిరిగేసరికి, తమ్ముడు నా బర్రె పక్కన కూర్చుని పాలు పిండుతున్నాడు.

“గవి ఎవరి పాలు?” అంది అత్త.

“సర్కారు పట్టిన బర్రె, సర్కారు పాలు.”

నాకు ఏడుపొచ్చింది. అత్త మాత్రం వాడకట్టంతా తిరిగి, “సర్కారు పాలు పోస్తుండ్రంట, చెంబులు పట్టుకొని రాండ్రి,” అని చెప్పింది. సాయంత్రానికి దొడ్డి ముందు ఆడవాళ్ల బారు. ఒకామె ఏకంగా పెద్ద గుండిగే తెచ్చింది. ‘దున్నేటోనికే భూమి’ అంటూ సంఘంలో తిరిగిన ఒక ముసలాయన అదేదో పోరాటమనుకుని, “పిండేటోనికే పాలు!” అని అరిచాడు. పిండుతున్నది తమ్ముడే. అత్త ఆయన నోరు మూయించింది.

పెద్దవాడు బెదిరిపోయాడు. “ఇవి కంపెనీ పాలు! సర్కారుకేం సంబంధం లేదు!”

“గట్లయితే బర్రెను పట్టింది గూడ కంపెనేనా? నా బర్రెను పట్టనీకి నువ్వెవరివిరా?”

అప్పుడే జీపులో పోతున్న కొత్త తహసీల్దారు గుంపును చూసి ఆగాడు. మద్రాసు వైపు నుంచి వచ్చిన తెలుగాయన.

“మీ గేదెను పట్టుకున్నారా అమ్మా?”

“గేదె గాదయ్యా, బర్రెను పట్టిండ్రు.”

ఆయన రెండు పశువులనుకున్నాడు. అది తేలడానికే కొంత సేపు పట్టింది. అంతా విని పెద్దవాడితో అన్నాడు: “పట్టుకునేటప్పుడు సర్కారు, తాగేటప్పుడు కంపెనీ అంటే కుదరదయ్యా. సర్కారు అధికారంతో కట్టేశావు. ఇక్కడ నువ్వు ఏం చేసినా సర్కారు చేసినట్టే, జవాబు నేను చెప్పుకోవాలి. వదిలెయ్ గేదెను.”

“గేదెనా సార్, బర్రెనా?” అన్నాడు వాడు, నిజంగానే అర్థంకాక.

బర్రె మాకు దక్కింది. పిండిన పాలు కూడా అత్త చేతికే ఇచ్చారు. కానీ చెంబులు పట్టుకుని నిలబడ్డవాళ్లను తానే పిలిచింది కదా, ఉత్త చేతులతో ఎట్లా పంపుతుంది? తలా ఇంత పోసేసరికి అడుగు కనబడింది.

మరునాడు మామ విస్తట్లో పెరుగేదని అడిగాడు.

“సర్కారు తాగింది,” అంది అత్త.