పిచ్చయ్య తవ్వుకున్న సమాధి

సీతారామపురం పక్కన మా పేటలో ఎవరు పోయినా ఇంటికొక మనిషి గడ్డపార పట్టుకుని సమాధి తవ్వడానికి పోవాలి. నేల అలాంటిది మరి. పైన జానెడు మట్టి, కిందంతా రాయి. పిచ్చయ్య ఒక్కడే పోడు. సంఘపెద్ద పెంచలప్రసాద్ అడిగితే ఎదురు తిరిగేవాడు.

"నేనెవురి సొత్తూ ముట్టను, ఎవురి జోలికీ పోను. లోకానికి నేను బాకీ పడింది అంతే. నా రెక్కల మీద మీకు హక్కేంది?"

"రేపు నువ్వు పోతే?"

"నాది నేనే తవ్వుకుంటా. మీ ఉపకారం నాకొద్దు."

అన్నంత పనీ చేశాడు మొండిఘటం! తన చేలోనే మొదలుపెట్టి ఎండాకాలమంతా తవ్వాడు. అందరూ నవ్వుకున్నారు గానీ నాకైతే ఒళ్ళు మండింది. ఏమనగలం? చేను అతనిది, చెమట అతనిది.

ఆఖరి రోజు, గోడలు నున్నగా ఉండాలని, పైకెక్కడానికి వదిలిన మెట్టు కూడా చెక్కేశాడు. గడ్డపార బయటికి విసిరాడు. అప్పుడు చూసుకుంటే నిలువెత్తు గుంటలో తానున్నాడు, ఎక్కే దారి లేదు. కేకేస్తే ఎవరైనా వచ్చేవాళ్ళే, కానీ వెయ్యలేదు.

పొద్దువాలే వేళ మేకలు తోలుకొస్తున్న అతని వదినె లిదియమ్మ తొంగిచూసింది.

"ఏం పిచ్చయ్యా, అప్పుడే పండుకున్నావా?"

"కొలత చూసుకుంటా ఉండాను. నీకేంది?"

ఆమె నవ్వి, మేకలకు కొమ్మలు వంచే దోటిని గుంటలోకి వాల్చింది. పిచ్చయ్య ముట్టలేదు.

"పట్టుకుంటే నీకు బాకీ పడతాను వొదినా. నాకొద్దు."

"వద్దులే. ఎట్నో ఒకట్ల నువ్వే వస్తావు. మరి చచ్చినాక మన్నెవురు కప్పుతారు? పండుకోని, దుప్పటి మాదిరి నువ్వే లాక్కుంటావా?"

పిచ్చయ్య తలెత్తి గట్టు మీది మన్నుకుప్ప వంక చూశాడు. ఎండాకాలమంతా తవ్వినవాడికి ఆ సంగతి ఒక్కసారీ తట్టలేదు! ఆ ముఖం చూసి తనకే జాలేసిందని లిదియమ్మ తర్వాత మాతో చెప్పింది. ఆఖరికి దోటి పట్టుకుని పైకొచ్చాడు.

కొన్నాళ్ళకు పెంచలప్రసాద్ తల్లి రెబెకమ్మ పోయింది. సమాధి దగ్గర మేమంతా రాయి పగలక తిట్టుకుంటుంటే పిచ్చయ్య గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు. పెంచలప్రసాద్ కళ్ళు తుడుచుకుని నోరు తెరిచాడు.

"నిన్నెవురూ పిలవలేదే పిచ్చయ్యా?"

"పిలిచే హక్కు మీకు లేదు. తవ్వే హక్కు నాకుండాది. జరగండి!"