విరూపాక్షయ్య శెట్టి కాయిల్

కారు ఆగితే చాలు, వేడికి పాడవుతుందంటూ విరూపాక్షయ్య శెట్టి దాని కాయిల్ ఊడదీస్తాడు. బళ్లారి బజారులో బట్టల కొట్టు ఆయనది. పెండ్లికి పోయినా, తద్దినానికి పోయినా తువాలు చుట్టిన ఆ డబ్బా చంకలో ఉండాల్సిందే. ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చేది అదేనని తెలియని పెండ్లివాళ్లు ఒకసారి దాన్ని చదివింపుల్లో కలిపేశారు.

ఊడదీయడానికి ఆయనకో శాస్త్రముంది. చల్లారేదాకా తాకకూడదు. లావు తీగను పట్టి గుంజకూడదు. దాని రబ్బరు టోపీని పట్టి అటూ ఇటూ మెల్లగా తిప్పాలి.

"నిద్రపోయిన బిడ్డ నోట్లోంచి పాలపీక తీసినట్ల తీయాలప్పా."

ఇదంతా నాకెలా తెలుసంటే, విలేకరికి సొంత కారుండదు.

ఒకసారి కెంచనగుడ్డలో వరద చూసి శెట్టి కారులో తిరిగొస్తున్నాను. సాయంత్రం బస్సుకు వార్త కవరు అందించకపోతే, మర్నాటి పేపర్లో తుంగభద్రకు వరదే రాదు. నడిదారిలో శెట్టి అన్నాడు:

"నిలుపు హుసేనప్పా. కాయిల్ కాలుతాండాది."

డ్రైవర్ హుసేనప్ప సద్దిమూట తీసుకుని వేపచెట్టు కిందికి పోయాడు.

"శెట్రే, నా బస్సు పోతాది!"

"డీజిల్ బస్సుకు కాయిల్ యాడిదప్పా? అందుకే దానికంత తొందర."

ఆయన మొహం కడుక్కునేలోగా నేనే తీసేద్దామని, తీగ పట్టి ఒక్క గుంజు గుంజాను. తీగ నా చేతికొచ్చింది. టోపీ కాయిల్‌కే ఉండిపోయింది. వేలు కాలింది. జిల్లాలో ఎవరెలా పని చేయాలో రోజూ రాసే నేను, వేలు నోట్లో పెట్టుకుని నిలబడ్డాను.

శెట్టి తిట్టలేదు. వేపచెట్టు దిక్కు చూసి గొంతు తగ్గించాడు.

"అరవొద్దు. తింటాండాడు. సుగర్ ఉండాది, యాళకు తినకుంటే కండ్లు తిరుగుతాయి. మా పిల్లోళ్లకు తెలిస్తే రేపే మాన్పిస్తారు. తినప్పా అంటే, సావుకారిని కూర్చోబెట్టి తింటానా అంటాడు. కాయిల్ కాలిందంటే తింటాడు."

"మరి పెండ్లిండ్లకు మోసేది?"

"అబద్ధమన్నాక అన్ని సోట్లా మోయాల్సిందే గదా!"

"అయితే కాయిల్‌కు ఏం లేదా?"

"గుండ్రాయి మాదిరి ఉండె. నువ్వు ముట్టేదాకా."

హుసేనప్ప మూతి తుడుచుకుంటూ వచ్చి, తీగ కొస గీకి టోపీలో దోపాడు. కడుపు నిండినవాడి చేతిలో కారు పరిగెత్తింది. కండక్టరు విజిల్ ఊదుతుండగా కవరు అందించాను.

బస్టాండులో హుసేనప్ప నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, ఇంగ చాలు, ఇంట్లో కూర్చోమంటాండారు మావోళ్లు. యాడ కూర్చుంటా? ఈ కాయిల్ పిచ్చాయన కాడ ఇంకో డ్రైవరు ఒక్క దినం నిలుస్తాడా, మీరే చెప్పండి?"

"నిలవడప్పా," అన్నాను, వేలు ఊదుకుంటూ.