శారమ్మ కట్టిన సద్ది

మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు. నీళ్ల బాయిలో చేద దింపితే నీళ్లు వస్తాయి, ఈ బాయిలో మనిషిని దింపితే జీతం వస్తుంది. ఎనభైల్లో ఆదిలాబాద్ జిల్లాలోని ఆ బాయి ఊళ్లో మా బాపు రోజూ దిగేవాడు, రోజూ ఎక్కి వచ్చేవాడు. మా అమ్మ తమ్ముడు మాత్రం ఒకరోజు దిగి, పైకప్పు కూలి, మళ్లీ ఎక్కిరాలేదు. అప్పటినుంచి, మేం అవ్వ అని పిలిచే అమ్మది ఒకటే పట్టు: మా అన్నను బాయిలోకి పంపేది లేదు.

ప్రార్థన కూటం మా క్వార్టర్‌లోనే జరిగేది. నేను ఆదివారం బడిలో పిల్లలకు బైబిలు కథలు చెప్పేదాన్ని. ఇంటర్ తప్పి, మళ్లీ రాసి, మళ్లీ తప్పినదాని చేతికి పిల్లలను అప్పగించారంటే, ఆ సంఘానికి నిజంగానే విశ్వాసం ఎక్కువ.

ఒక సాయంత్రం పాస్టరు అయ్యగారు అబ్రాహాము కథ ఎత్తుకున్నారు. భార్య శారా ముసలితనంలో కన్న ఒక్క కొడుకును బలి ఇమ్మన్నాడు దేవుడు. అబ్రాహాము పొద్దున్నే లేచి, గాడిదకు గంత కట్టి, కట్టెలు చీల్చి, ఇస్సాకును వెంటబెట్టుకొని మోరియా కొండకు బయలుదేరాడు. మూడు దినాల ప్రయాణం.

అవ్వ మధ్యలోనే అడిగింది. "అయ్యగారూ, మూడొద్దుల తొవ్వ గదా. సద్ది ఎవలు కట్టిండ్రు?"

అయ్యగారు పుట తిప్పి చూశారు. "అది రాయలేదమ్మా."

"కట్టెలు రాసిండ్రు, కత్తి రాసిండ్రు, గాడిదను సుత రాసిండ్రు. బువ్వ రాయలే?"

"మా వదినెకు ఏ కొండెక్కినా బువ్వ ముచ్చటే," అంది పక్కింటావిడ. అందరూ నవ్వారు.

అవ్వ నవ్వలేదు. "శారమ్మనే కట్టి ఉంటది. యాడికి పోతున్నరని అడిగితె ఏం చెప్పిండో గా ముసలాయన."

బాపు దగ్గు వస్తోందంటూ లేచి బయటికి వెళ్లాడు. నిజంగానే దగ్గాడు, కానీ వాకిలి దాటిన చాలాసేపటికి.

అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. బాయిపనికి పనికిరాడని డాక్టర్లు రాస్తే తండ్రి ఇంట్లో కూర్చుంటాడు, ఆ నౌకరి కొడుక్కి వస్తుంది. అందుకని తండ్రులు రోగం ముదరాలని కోరుకునేవాళ్లు. అన్‌ఫిట్ కావడం తేలిక కాదు. నేను ఇంటర్‌లో ఏ సిఫారసూ లేకుండా సాధించాను గానీ, బాపుకు ఏళ్లు పట్టింది. చివరికి అయ్యాడు. అన్నకు పిలుపు వచ్చింది. ఆ సంగతి వాళ్లిద్దరికే తెలుసు.

ఒకరోజు తెల్లవారుతుండగా బాపు అన్నాడు: "ఏమే, ఇద్దరికి సద్ది కట్టు. పోరన్ని తీస్కొని ఆసిఫాబాద్ పోయొస్త."

"ఆసిఫాబాద్‌ల ఏమున్నది?"

"నా సోపతిగాడున్నడు. దుకాన్ల పని ఇప్పిస్తనన్నడు."

అన్న అద్దం ముందు నుంచి కదలకుండా దువ్విన తలనే దువ్వుకుంటున్నాడు. అవ్వ అతని వీపును కాసేపు చూసింది. జొన్నరొట్టెలు మూటగట్టి బాపుకు కాకుండా అన్న చేతికిచ్చింది. వాళ్లు మలుపు తిరిగాక మెల్లగా అంది: "శారమ్మకు ఎర్కయ్యే ఉంటది బిడ్డా."

"మరి ఆపలేదేంది?"

"ఆపితె ఇంట్ల పొయ్యెట్ల మండుతది? గాయనకు దేవుడు చెప్పిండు. మీ బాపుకు దగ్గు చెప్పింది."

ఆ మధ్యాహ్నం ఆ అధ్యాయం చివరిదాకా చదివాను. పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు కనబడింది, బదులుగా అది బలైంది, ఇస్సాకు బతికాడు. అంతవరకు పిల్లలకు నేనూ చెప్పేదే. ఆ తర్వాత అబ్రాహాము కొండ దిగి, కింద ఉంచి వెళ్లిన పనివాళ్ల దగ్గరికి వచ్చాడని ఉంది. ఇస్సాకు కూడా దిగి వచ్చాడని లేదు. పుట తిప్పితే శారా చావు. నేను పుస్తకం మూసేసి, వాకిట్లోకి వెళ్లి ఊరికే నిలబడ్డాను.

అన్న బాయిలో దిగాడు. ఆ వానాకాలంలో ఒకరోజు, బాగా పొద్దెక్కాక, వేళ కాని వేళ బాయి ప్రమాదం సైరన్ మోగింది. అవ్వ పిండి చేతులతోనే గేటుకు ఉరికింది. నేను వెనకాల. బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు, అంతకు మించి లేవలేకపోయాడు.

అన్న గేటు బయటే ఉన్నాడు. ఒంటిమీద బొగ్గు మరక లేదు. సాయంత్రం ఇంటికి చుట్టాలు వస్తున్నారని తోటి కార్మికుడు ఒకతను పొద్దున్నే అన్నతో షిఫ్టు మార్చుకున్నాడట. అన్న హోటల్లో చాయ్ తాగుతూ ఉండిపోయాడు. అన్న బదులు అతను దిగాడు, ఇంకా పైకి రాలేదు.

అవ్వ అన్నను వాటేసుకుని ఏడ్చింది, వెంటనే నవ్వింది. అంతలో ఆ కార్మికుడి తల్లి వచ్చి అన్న చెయ్యి పట్టుకుంది.

"మావోడేడి బిడ్డా? నీతోనే గదా వచ్చిండు?"

అవ్వ చేతులు అన్న మీది నుంచి జారిపోయాయి. అన్న అంగీ మీద పిండి మరకలు మిగిలాయి.

తిరిగి వస్తుంటే అవ్వ అడిగింది: "గా పొట్టేలు ఎవలదే?"

నాలుగు అడుగులు వేసి తనే అంది: "ఎవలదో ఒకలదై ఉంటది గద."

మా ఇంటికి ఆ తల్లి క్వార్టర్ ముందు నుంచే దారి. అవ్వ కొంగు తలమీదికి లాక్కుని, పట్టాల అవతల చుట్టుదారి పట్టింది. అన్న మాత్రం నేరుగా పోయి ఆ గడపలో కూర్చున్నాడు. మర్నాడు అక్కడి నుంచే షిఫ్టుకు పోయాడు.