రాజవ్వ విన్న నొప్పి

వానాకాలం మొదలైతే మా అపార్ట్‌మెంటు మెట్ల కింద ఎవరో వదిలేసిన గోనెసంచి తడిసి వాసన వేస్తుంది. అందరూ ముక్కు మూసుకుని పోతారు. నేను మాత్రం కాస్త నిలబడతాను. షోలాపూర్‌లో మా పక్కింటి రాజవ్వ బీడీ ఆకును తడి గోనెలో చుట్టి పెట్టేది. ఆమె ఇల్లంతా ఈ వాసనే.

యాభైల నాటి మాట. పెళ్లయి కరీంనగర్ వైపు నుంచి షోలాపూర్‌లోని జోడ్‌భావి పేట్‌కు వచ్చినప్పుడు నాకు పదహారేళ్లు. మామకూ నా భర్తకూ చెరొక మగ్గం. వాటికి రాట్నం మీద నూలు కండెలు చుట్టి అందించడం నా పని. పొద్దంతా చప్పుడే కానీ పలకరించే మనిషి లేదు. బిక్కుబిక్కుమంటూ ఉండేదాన్ని. రాజవ్వకు భర్త లేడు, పిల్లలు లేరు, నోరు మాత్రం ఉంది. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఆ గోడకు ఆనుకునే ఆమె బీడీలు చుట్టేది.

ఒకసారి కడుపులో కుడివైపు నొప్పి మొదలైంది. చెబితే అత్త, "మగ్గానికి పడుగు ఎక్కించిన ఇంట్ల మూలుగుడు మంచిది కాదు, నోరు మూస్కో" అన్నది. పళ్లు బిగబట్టి రాట్నం తిప్పాను. మర్నాడు రాజవ్వ చేతిలో ఆకు కత్తిరించే కత్తెరతోనే మా గడపలోకి వచ్చింది.

"ఏంది పిల్లా, నిన్నటి సంది నీ రాట్నం ఆగుకుంట ఆగుకుంట తిరుగుతుంది? యాడ నొస్తుంది?"

"దానిది పనిదొంగ నొప్పి," అన్నది అత్త.

"నొప్పి దానిది. దొంగదో దొరదో నీకెట్ల ఎర్క?"

ఆ పూటే నన్ను టాంగాలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు మరాఠీలో ఆమె మీదే కేకలేశాడు. ఇంకాస్త ఆలస్యమైతే లోపల పేగు పగిలేదట. ఆపరేషన్ అయ్యాక కుట్లు లాగుతుంటే ఏడుస్తూ అడిగాను.

"పెద్దమ్మా, దేవుడు ఈ నొప్పి ఎందుకు పెట్టిండు?"

"నన్నడిగి పెట్టిండా? నొస్తున్నప్పుడు జాత్రల ఉన్నా మనిషి ఒక్కతే. అందుకే ఒకలు పక్కన కూసోవాలె. నువ్వు మూలుగు. నేనింట."

కొన్నేళ్లకు ఆమె చిక్కిపోవడం మొదలైంది. అడిగితే "ఏం లేదు తియ్" అనేది. రాట్నం ఆగితే పక్కింటికి తెలుస్తుంది. బీడీలు చుట్టే చేతులకు చప్పుడేముంటుంది? గోడకు చెవి పెట్టినా నాకేమీ వినిపించేది కాదు. ఒకరోజు తానే పిలిచి, "నీ రాట్నం తెచ్చుకొని ఈడ కూసో" అన్నది.

వెళ్లేసరికి చేటలో కత్తిరించిన ఆకు చుట్టకుండానే ఎండిపోయి ఉంది. ఆమె చాప మీద ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఎక్కడ నొస్తుందని అడిగితే నడుము మీద చెయ్యి వేసి చూపించింది. నేను రాట్నం తిప్పుతూ కూర్చున్నాను. కొంతసేపటికి "అవ్వా" అని మూలిగింది. అన్నేళ్లలో ఆమె నోట మూలుగు వినడం అదే మొదలు. నా చెయ్యి ఆగిపోయింది.

"ఆపకు బిడ్డా. తిరగనీ. ఎవలో ఉన్నరని తెలుస్తది."

ఆ వారంలోనే పోయింది. ఆమె నొప్పిలో పిసరంత కూడా నేను పంచుకోలేకపోయాను. పక్కన కూర్చున్నాను, అంతే. అది మరీ చిన్న పని అనిపించి అప్పుడు చాలా ఏడ్చాను.

ఇప్పుడు నాకు మోకాళ్ల నొప్పులు. డాక్టరు ఎక్స్‌రే చూస్తాడు, నన్ను చూడడు. ఎవరు మూలిగినా ముందు ఎక్కడని అడగడం, అడిగి కాసేపు కూర్చోవడం రాజవ్వ నుంచి వచ్చిన అలవాటు. నాకు నొప్పి వస్తే మాత్రం పళ్లు బిగబట్టను. ఒక్కదాన్నే ఉన్నా గట్టిగానే మూలుగుతాను. ఈ అపార్ట్‌మెంటులో గోడకు అవతల ఎవరుంటున్నారో నాకు తెలియదు.